క్రియ వెనకాల 'అప్'

2015 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఒక ప్రచారం మొదలుపెట్టింది. స్తోమత ఉన్న కుటుంబాలు వంటగ్యాస్ సబ్సిడీని తమంతట తామే వద్దనాలన్నది దాని ఉద్దేశం. పేరు 'గివ్ ఇట్ అప్'. ఏడాది పైచిలుకు కాలంలో కోటిమందికి పైగా ఆ పిలుపు అందుకున్నారు. తెలుగులో అది 'సబ్సిడీ వదులుకోండి' అని వినిపించింది. ఈ 'వదులుకోండి' దగ్గర కాస్త ఆగాలి. ఉత్త 'వదలండి' అంటే అక్కడ చాలదు. 'వదిలేయండి' అంటే పట్టించుకోకండి అన్న ధ్వని వస్తుంది. 'వదులుకోండి' అన్నప్పుడే, తనకు చెందినదాన్ని తెలిసి తెలిసి తానే పోగొట్టుకోవడానికి సిద్ధపడటం అన్న అర్థం నిండుగా పలుకుతుంది. వదలడం మూడింటిలోనూ ఉంది, తేడా అంతా తోకలో ఉంది. ఇంగ్లీషు 'గివ్ అప్'లోనూ ఇదే జరుగుతోంది. ఇవ్వడం 'గివ్'లో ఉంది, ఇక తిరిగి తీసుకునేది లేదన్న సంగతి 'అప్'లో ఉంది. క్రియకు తోక తగిలించి అర్థం తిప్పే విద్యను తెలుగు పిల్లలు మాటలు నేర్చే వయసులోనే పట్టేస్తారు. అదే పిల్లలు పెద్దయి ఫ్రేజల్ వర్బ్ అన్న పేరు వినగానే బెదిరిపోతారు. ఆ బెదురుకు కారణం ఆ మాటల్లో లేదు, మనం వాటిని నేర్పే తీరులో ఉంది అన్నది నా వాదన.

పోటీ పరీక్షల గైడ్లు ఏవి తీసినా ఫ్రేజల్ వర్బులు ఒకే వరసలో కనిపిస్తాయి. 'గివ్ అప్' అంటే మానేయు, 'గివ్ ఇన్' అంటే లొంగిపోవు, 'గివ్ అవే' అంటే బయటపెట్టు, 'గివ్ అవుట్' అంటే పంచు. ఇలా క్రియను బట్టి, అక్షర క్రమంలో, రెండు మూడు వందల జతలు. చదివే పిల్లకు ఇందులో ఏం కనిపిస్తుంది? 'గివ్' అన్నది ప్రతి వరసలోనూ ఒకటే, దాని వెనకాల వచ్చేదేదో మారుతోంది, అర్థం ఎందుకు మారిందో తెలియదు. కాబట్టి బట్టీ పట్టడమే దారి అనుకుంటుంది. పరీక్ష అయ్యాక అవి జ్ఞాపకంలోంచి జారిపోతాయి. ఈ కష్టం మన ఒక్కరిదే కాదు. శామ్యూల్ జాన్సన్ 1755లో అచ్చువేసిన తన నిఘంటువు ముందుమాటలోనే, క్రియ వెనకాల చిన్న మాట చేర్చి అర్థం మార్చే ఈ పద్ధతి పరాయివాళ్లకు ఇంగ్లీషులో అన్నిటికంటే పెద్ద ఇబ్బంది అని గుర్తించాడు. ఫ్రేజల్ వర్బ్ అన్న పేరు స్థిరపడింది మాత్రం చాలా ఆలస్యంగా. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకడైన హెన్రీ బ్రాడ్లీ సూచించగా, లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో తన పుస్తకంలో ఆ పేరు వాడాడు. అంటే జాన్సన్ చూసిన ఇబ్బందికి ఒక పేరు దొరకడానికే నూట డెబ్బై ఏళ్లు పట్టింది. పేరు దొరికాక కూడా బోధన క్రియ చుట్టూనే తిరిగింది.

క్రియను పక్కన పెట్టి వెనకాల మాటను బట్టి పేర్చి చూస్తే దృశ్యం మారుతుంది. 'ఈట్ అప్', 'డ్రింక్ అప్', 'యూజ్ అప్', 'ఫినిష్ అప్', 'టియర్ అప్', 'డ్రై అప్'. వీటిని తెలుగులో చెప్పండి: తినెయ్, తాగెయ్, వాడెయ్, ముగించెయ్, చించెయ్, ఎండిపో. ఐదింటిలో 'ఎయ్', ఒకదానిలో 'పో' వచ్చాయి. పాల గ్లాసు ముందు నాన్చుతూ కూచున్న పిల్లాడితో ఇంగ్లీషు తల్లి 'డ్రింక్ అప్' అంటుంది, తెలుగు తల్లి 'తాగెయ్ నాన్నా' అంటుంది. ఉత్త 'డ్రింక్'లోనూ ఉత్త 'తాగు'లోనూ లేని తొందర, గ్లాసు ఖాళీ కావాలన్న కోరిక, రెండు చోట్లా ఆ తోకలోంచే వస్తున్నాయి. ఇది పైపై పోలిక కాదనడానికి ఒక పరీక్ష ఉంది. 'గంటసేపు తిన్నాడు' అంటాం, 'గంటలో తినేశాడు' అంటాం. 'గంటసేపు తినేశాడు' అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. ఇంగ్లీషులోనూ 'ఈట్'తో 'ఫర్ యాన్ అవర్' కుదురుతుంది కానీ 'ఈట్ అప్' పెట్టగానే 'ఇన్ యాన్ అవర్' అనే అనాలి. పని సాగుతూ ఉండటానికీ, పని అంచుదాకా వెళ్లి ఆగిపోవడానికీ ఉన్న తేడాను రెండు భాషలూ ఒకే చోట, క్రియ చివరన, గుర్తు పెట్టుకున్నాయి.

ఇది ఎలా వచ్చిందో చూస్తే ఇంకా ముచ్చటగా ఉంటుంది. పాత ఇంగ్లీషులో పని పూర్తయిందని చెప్పడానికి క్రియ ముందు 'ఫోర్' అనే ఉపసర్గ పెట్టేవాళ్లు. కాల్చడానికి 'బార్నన్', పూర్తిగా కాల్చేయడానికి 'ఫోర్‌బార్నన్'. జర్మన్‌లో ఈనాటికీ 'బ్రెన్నెన్', 'ఫెర్‌బ్రెన్నెన్' అని ఆ జత బతికే ఉంది. ఇంగ్లీషులో ఆ ఉపసర్గలు క్రమంగా అరిగిపోయాయి, వాటి పనిని వెనకాల వచ్చే చిన్న మాటలు అందుకున్నాయి. 'అప్' ఇలా పూర్తి చేయడమనే అర్థంలోకి దిగడం 12వ శతాబ్దపు పీటర్‌బరో వృత్తాంతం అనే చరిత్ర గ్రంథం నాటికే మొదలైందని భాషాచరిత్రకారులు చూపారు. పైకి అనే దిక్కు పూర్తి అనే అర్థంలోకి ఎందుకు మారింది? బిందెలో నీళ్లు పోస్తుంటే మట్టం పైకి వస్తుంది, పైకి రావడం ఆగిందంటే బిందె నిండినట్టే. ఇలాంటి అనుభవంలోంచే ఆ అర్థం వచ్చిందన్న వివరణ నాకు నమ్మదగినదిగా తోస్తుంది. తెలుగు దారి వేరు. మనది దిక్కు కాదు, చేత. 'వేయు' అంటే పడేయడం, విసరడం. 'తిని వేశాడు' నోట్లో నలిగి 'తినేశాడు' అయింది. చేతిలోది విసిరేస్తే ఇక అది మన దగ్గర ఉండదు, ఆ తెంపు పని పూర్తయిందన్న గుర్తుగా నిలిచిపోయింది. ఒక భాష దిక్కును పట్టుకుంది, ఇంకోటి విసురును పట్టుకుంది, రెండూ వచ్చి చేరింది ఒక్క చోటికే. భద్రిరాజు కృష్ణమూర్తి, గ్విన్ కలిసి 1985లో ప్రచురించిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో మన సహాయక క్రియల చర్చ ఉంది. ఇంగ్లీషు టీచర్లు ఆ పుస్తకం తెరిచి చూడాలని నా కోరిక. ఇంగ్లీషు నేర్పడానికి తెలుగు వ్యాకరణం ఎందుకు అనుకోవడంలోనే అసలు నష్టం ఉంది.

ఇప్పుడు 'గివ్ అప్' వాడుకలను వరసగా తెలుగులో పెట్టి చూద్దాం. సిగరెట్లు మానేశాడు. బస్సులో ముసలావిడకు సీటు ఇచ్చేశాడు. పొలం మీద హక్కు వదులుకున్నాడు. లెక్క తెగక చేతులెత్తేశాడు. దొంగ పోలీసులకు లొంగిపోయాడు. ఐదు చోట్లా ఇంగ్లీషులో 'గివ్ అప్' ఒక్కటే సరిపోతుంది, దొంగ విషయంలో మాత్రం మధ్యలో 'హిమ్‌సెల్ఫ్' చేరుతుంది. తెలుగులో క్రియ ఐదుసార్లు మారింది. కానీ తోక లేకుండా ఒక్క వాక్యమూ నిలవలేదు: ఏశాడు, ఏశాడు, కున్నాడు, ఏశాడు, పోయాడు. ఇవి అడ్డదిడ్డంగా వచ్చినవి కావు. తన చేతిలో ఉన్న పనిని తెంచేస్తే 'ఏయ్', ఆ నష్టం తనకే తగిలితే 'కొను', పట్టు జారి ఒక స్థితిలోకి పడితే 'పో'. ఈ అమరికను ఎవరూ బడిలో నేర్పలేదు, అయినా తెలుగు పిల్ల ఎక్కడా తడబడదు. ఆమెకు 'గివ్ అప్' నేర్పేటప్పుడు అర్థం మానేయు, లొంగిపోవు, త్యజించు అని మూడు మాటలు బోర్డు మీద రాయడం కంటే, తన దగ్గర ఉన్నదాన్ని ఇక తనది కాకుండా ఇచ్చేయడం అన్న ఒక్క బొమ్మ చూపిస్తే మేలు. అలవాటు, సీటు, హక్కు, ప్రయత్నం, చివరికి తన శరీరం, ఏదిస్తే ఆ వాడుక. ఇంకో లాభం కూడా ఉంది. 'గివ్ అప్' తర్వాత 'టు స్మోక్' అనకూడదు, 'స్మోకింగ్' అనాలి అన్నది పిల్లలు తరచు తప్పే చోటు. తెలుగులో 'తాగడం మానేశాడు' అనే అంటాం, 'తాగడానికి మానేశాడు' అనం. 'గివ్ అప్ ఆన్ సమ్‌వన్' అన్నదీ అంతే, అతని మీద ఆశ వదులుకోవడం. 'ఆన్' అన్నచోట మనకు 'మీద' సిద్ధంగా ఉంది.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం రావాలి. తెలుగు తోకలకూ ఇంగ్లీషు తోకలకూ ఒకటికొకటి లెక్క కుదరదు కదా, ఈ పోలికతో పిల్లలు తప్పుదారి పట్టరా? కుదరదు, నిజమే. కాగితం తనంతట కాలిపోతే 'పో', ఎవరో కాల్చేస్తే 'ఏయ్' అని మనం విడదీస్తాం, ఇంగ్లీషు రెండిటికీ 'బర్న్ అప్' అంటుంది. 'చెప్పేశాను'లో ఉన్న తెగింపును 'టెల్' వెనకాల 'అప్' పెట్టి రాబట్టలేం. ఇంకా ముందుకెళ్లి, ఇల్లు కాలితే 'బర్న్ డౌన్' అంటారు, కాగితం కాలితే 'బర్న్ అప్' అంటారు, పైకీ కిందికీ ఒకటే అర్థమైతే ఇందులో పద్ధతి ఎక్కడుంది అని అడగొచ్చు. పద్ధతి ఉంది. ఇల్లు కాలితే నేలకూలుతుంది, కాగితం కాలితే పొగై పైకి పోతుంది. దిక్కు అర్థం చచ్చిపోలేదు, పూర్తి అర్థం కింద ఇంకా ఊపిరి పీలుస్తోంది. నేను ఒక్కో తోకకు ఒక్కో తెలుగు తోక అతికించమనడం లేదు. క్రియ వెనకాల వచ్చే మాట అలంకారం కాదు, పని చేసే మాట అన్న నమ్మకం తెలుగు పిల్లకు ఇప్పటికే ఉంది, దాన్ని లేపండి అంటున్నాను. ఆ నమ్మకం ఒక్కటే చాలదని కూడా ఒప్పుకోవాలి. హీబ్రూ మాట్లాడే విద్యార్థులు ఫ్రేజల్ వర్బులను తప్పించుకుని ఒంటిమాట క్రియలు వాడుతున్నారనీ, తమ భాషలో అలాంటి అమరిక లేకపోవడమే కారణమనీ 1985లో డాగట్, లాఫర్ అనే పరిశోధకులు రాశారు. నాలుగేళ్ల తర్వాత డచ్ విద్యార్థుల మీద పని చేసిన హుల్‌స్టైన్, మార్చెనా ఇంకో ముఖం చూపించారు. తమ భాషలో అచ్చం అలాంటి క్రియలు ఉన్నా, అర్థం సూటిగా తేలని వాటికి డచ్ పిల్లలూ దూరం జరిగారు, మరీ తమ భాషలాగే కనిపించిన వాటిని అనుమానించారు. అంటే పోలిక ఉండటం వేరు, దాన్ని నమ్మవచ్చని గురువు చెప్పడం వేరు. మన క్లాసుల్లో ఆ రెండోది జరగడం లేదు.

రెండో అభ్యంతరం, అర్థం ఎంత లాగినా రానివి ఉన్నాయి కదా అన్నది. ఉన్నాయి. 'పుట్ అప్ విత్' అంటే భరించడం అని ముక్కలు విడదీసి తేల్చడం అయ్యే పని కాదు. అమెరికాలో వేదిక మీద 'గివ్ ఇట్ అప్ ఫర్' అని ఎవరి పేరైనా పిలిస్తే, చప్పట్లు కొట్టండి అని అర్థం. సబ్సిడీ ప్రచారం ఒక్కటే విన్నవాళ్లు అక్కడ ఏం వదులుకోవాలా అని చూస్తారు. ఒకే జతకు చాలా అర్థాలు ఉండటం ఇంకో చిక్కు. డీ గార్డ్‌నర్, మార్క్ డేవిస్ 2007లో బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే వాడుక భాషా భాండారాన్ని గాలించి, తరచు వచ్చే వంద ఫ్రేజల్ వర్బులకు సగటున ఐదుకు మించి అర్థాలు తేల్చారు. అయితే ఆ అధ్యయనంలోనే ఇంకో మాట ఉంది, నాకు అదే ముఖ్యం. ఇరవై క్రియలు ఎనిమిది చిన్న మాటలతో కలిసి, ఆ కార్పస్‌లో వచ్చిన ఫ్రేజల్ వర్బుల మొత్తంలో సగానికి పైగా నింపేస్తున్నాయి. ఎనిమిది మాటలే! వాటి పోకడలు ఒంటబట్టించుకున్నవాళ్లకు వేలకొద్దీ వాక్యాలు తెరుచుకుంటాయి, మిగిలిన మొండివాటిని అప్పుడు బట్టీ పట్టినా భారం ఉండదు. 1989లో వచ్చిన కాలిన్స్ కోబిల్డ్ ఫ్రేజల్ వర్బుల నిఘంటువు చివర్లో ఈ చిన్న మాటలకే విడిగా సూచిక కట్టింది, ఏ మాట ఏయే అర్థాలు మోస్తుందో, ఆ అర్థంలో ఏయే క్రియలతో వస్తుందో అందులో ఉంటుంది. మన గైడ్లు రాసేవాళ్లకు ఆ సూచిక ఒక్కటి చాలు, పుస్తకమంతా తిరగరాయడానికి.

మూడోది అభ్యంతరం కంటే అలవాటు. 'పుట్ ఆఫ్' ఎందుకు, 'పోస్ట్‌పోన్' ఉంది కదా. 'లుక్ ఇంటూ' ఎందుకు, 'ఇన్వెస్టిగేట్' ఉంది కదా. దరఖాస్తులకూ తీర్పులకూ ఆ లాటిన్ పుట్టుక మాటలు సరిపోతాయి. మనుషులతో మాట్లాడటానికి సరిపోవు. తెలుగు రాష్ట్రాల నుంచి బ్రిటన్, ఐర్లండ్, అమెరికా ఆసుపత్రులకు వెళ్లే నర్సులూ డాక్టర్లూ పుస్తకంలో 'వామిట్', 'రిలాప్స్' చదువుకుంటారు. మంచం మీది రోగి అలా చెప్పడు. వాంతి అయితే 'త్రూ అప్' అంటాడు, వాపు తగ్గితే 'గాన్ డౌన్' అంటాడు, పాత జబ్బు తిరగబెడితే 'ఫ్లేర్డ్ అప్' అంటాడు, స్పృహ తప్పితే 'పాస్డ్ అవుట్' అంటాడు. ఈ చివరిది మరీ జాగ్రత్త పడాల్సిన మాట, ఎందుకంటే మన దగ్గర 'పాసవుట్' అంటే చదువు పూర్తి చేయడం. మన వాడుకను తప్పని కొట్టేయడానికి నాకు మనసొప్పదు. బ్రిటిష్ సైనిక శిక్షణాలయాల్లో శిక్షణ ముగించుకుని బయటికి రావడాన్ని అలాగే అంటారు, హైదరాబాద్‌లోని జాతీయ పోలీసు అకాడమీలో జరిగే పాసింగ్ అవుట్ పరేడ్ ఆ వారసత్వమే. మనం దాన్ని బారకాసుల నుంచి కాలేజీకి తెచ్చుకున్నాం, అంతే. కానీ లండన్ వార్డులో ఆ రెండు అర్థాల తేడా తెలియాలి. చిన్న మాటను తేలిగ్గా తీసుకుంటే దేశంలోపల కూడా నష్టమే. బ్యాంకులు బకాయిలను 'రైటాఫ్' చేశాయన్న వార్త రాగానే అది రుణమాఫీ అన్నట్టు చర్చ నడుస్తుంది. 'ఆఫ్' అంటే ఇక్కడ బ్యాంకు తన పద్దు పుస్తకంలోంచి పక్కకు తీయడం. అప్పు తీసుకున్నవాడి మెడ మీద అప్పు అలాగే ఉంటుంది, వసూలు ప్రయత్నమూ సాగుతుంది. రైతు రుణమాఫీలు రెండు రాష్ట్రాల ఎన్నికల్లోనూ పెద్ద మాటగా ఉన్న చోట, ఆ తేడా తెలియకుండా వాదించుకోవడం ప్రజలకు మంచిది కాదు.

'కోప్ అప్ విత్' అని రాసిన పిల్లవాడి పేపరు మీద ఎర్ర గీత పడుతుంది. 'కోప్ విత్' అన్నదే సరైనది కాబట్టి గీత న్యాయమే. కానీ ఆ 'అప్' ఎక్కడి నుంచి వచ్చింది? 'కీప్ అప్ విత్', 'క్యాచ్ అప్ విత్', 'పుట్ అప్ విత్' మూడూ విన్నవాడు, తట్టుకోవడం, అందుకోవడం అన్న అర్థంలో 'అప్ విత్' వస్తుందని తనంతట పసిగట్టాడు. అది అజ్ఞానం కాదు, సూత్రం పట్టుకుని ఒక అడుగు ఎక్కువ వేయడం. ఆ అడుగు దగ్గర ఇంగ్లీషు వాడుక ఒప్పుకోలేదు, వాడుకే తీర్పరి. గీత గీసి ఊరుకునే టీచరుకూ, ఈ మూడింటినీ పక్కన పెట్టి నాలుగోది ఎందుకు చేరలేదో మాట్లాడే టీచరుకూ మధ్య ఉన్న తేడా మీదే ఆ పిల్లవాడి ఇంగ్లీషు ఆధారపడి ఉంది.

తెలుగు పోలిక ఆదుకోలేని చోట్లు రెండున్నాయి, అక్కడ సాధన తప్ప దారి లేదు. ఒకటి మాటల చోటు. మన తోక క్రియను వదలదు, 'వదిలే' కీ 'శాడు' కీ మధ్య ఇంకో మాట దూరదు. ఇంగ్లీషులో 'గివ్ స్మోకింగ్ అప్', 'గివ్ అప్ స్మోకింగ్' రెండూ చెల్లుతాయి, కానీ 'ఇట్' వచ్చిందంటే అది మధ్యలోనే కూచోవాలి, 'గివ్ అప్ ఇట్' అనకూడదు. రెండోది ఊనిక. బ్యాకప్, చెకప్, సెటప్, లాకప్, వాకౌట్, లేఆఫ్ అని మనం తెచ్చుకున్నవన్నీ నామవాచకాలు, వాటిలో బరువు మొదటి ముక్క మీద పడుతుంది. అవే క్రియలుగా వచ్చినప్పుడు బరువు వెనక్కి జరిగి చిన్న మాట మీద నిలుస్తుంది: ఫైళ్లు బ్యాక్ 'అప్' చేయాలి, సభ నుంచి వాక్ 'అవుట్' చేయాలి. నామవాచకాల అలవాటుతో మనవాళ్లు క్రియలోనూ ముందు ముక్కనే నొక్కుతారు, ఎదుటివాడికి 'అప్' వినపడకుండా పోతుంది. 'గివ్ అప్', 'గివ్ ఇన్' తేడా ఫోన్‌లో తేలకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. అందుకని ఈ జతలను చదివించేటప్పుడు పుస్తకం మూయించి, 'గివ్'ను తేల్చి 'అప్'ను గట్టిగా పలికిస్తూ, ప్రతిసారీ పక్కనే దాని తెలుగు వాక్యం చెప్పిస్తూ పోవాలి. ఆరో తరగతి నుంచే మొదలుపెట్టవచ్చు, వారానికి ఒక్క చిన్న మాట చొప్పున.